ఎవరి ఫోటో సార్ అది?

మొన్న సోమవారం మా బడి వాట్సాప్ గ్రూపులోకి ఒక సర్క్యులర్ దిగింది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు డిజిటల్ పాఠ్య వనరులు అందుబాటులోకి తేవాలని, ఆ సంగతి పిల్లలకూ తల్లిదండ్రులకూ వెంటనే తెలియజేయాలని దాని సారాంశం. సారాంశమే చెప్పగలను, మొత్తం చదవడం నా వల్ల కాలేదు. కాగితం ఓ పక్కకు ఒరిగిపోయింది. మూడో అంశం మీద గుండ్రటి సీలు పడింది. మధ్యలో అడ్డంగా ఫోను నీడ. ఎడమ మూల ఎవరిదో బొటనవేలు.

‘వెంటనే’ అన్నారు కదా అని తొమ్మిదో తరగతిలో చూపు లేని కుర్రాడికి పంపాను. వాడి ఫోన్లో టాక్‌బ్యాక్ ఉంది. తెర మీద అక్షరముంటే చాలు, తెలుగులోనే చదివి వినిపిస్తుంది. ఐదు నిమిషాలకు వాడి దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్: “సార్, ఫోటో అంటోంది. ఎవరి ఫోటో సార్ అది?”

ఏం చెప్పను? నీ హక్కుల ఫోటోరా, అందులో వేలు మాత్రం ఎవరిదో తెలీదు అన్నాను.

ఈ సర్క్యులర్ జాతకం చూడండి. పుట్టింది కంప్యూటర్లోనే. ఏదో సెక్షన్లో ఒకరు కూర్చుని అక్షరం అక్షరం కొట్టారు. ఆ క్షణాన పంపి ఉంటే మా వాడి ఫోను గడగడా చదివేసేది. కానీ పంపరు. ప్రింటు తీశారు, సంతకం పెట్టారు, సీలు గుద్దారు, స్కాన్ చేశారు. జిల్లా నుంచి మండలానికి, మండలం నుంచి కాంప్లెక్సుకు వచ్చేసరికి ఎవరికో పీడీఎఫ్ తెరుచుకోలేదు. పక్క టేబుల్ మీదున్న ప్రింటుకు ఫోన్‌తో ఫోటో తీసి తోసేశారు. అక్షరమంటే నాశనం లేనిదని మా తెలుగు పండితులుగారు చెబుతుంటారు. పాపం, ఆయన ఆఫీసు స్కానర్ని ఎప్పుడూ చూడలేదు.

చట్టాలు లేకనా? నిలువెత్తున ఉన్నాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 17వ సెక్షన్, నిర్ణీత స్థాయి వైకల్యం ఉన్న పిల్లలకు పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా పుస్తకాలూ బోధన సామగ్రీ ఉచితంగా ఇవ్వాలంటుంది. 2017 నియమాల్లో 15వది ఇంకో మెట్టు దిగి, వెబ్‌సైట్లో పెట్టే పత్రం ఈపబ్‌గానో, అక్షరాలు గుర్తుపట్టగలిగే ఓసీఆర్ పీడీఎఫ్‌గానో ఉండాలని ఫార్మాట్ల పేర్లతో సహా చెప్పింది. పుస్తకాన్ని చూపులేనివాళ్లు చదవగలిగే రూపంలోకి మార్చడానికి ప్రచురణకర్త అనుమతి అక్కర్లేదని కాపీరైట్ చట్టాన్ని 2012లోనే సవరించుకున్నాం. అదే పని ప్రపంచమంతా చేయాలని 2013లో మర్రాకేష్‌లో ఒప్పందం కుదిరితే, 2014లో దాన్ని ఆమోదించిన మొట్టమొదటి దేశం మనదే. ఆమోదించడంలో మనల్ని కొట్టేవాడు లేడు.

2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు, మన హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వాళ్లిచ్చిన నివేదికను ముందు పెట్టుకుని, ఆ 15వ నియమం సలహాలా ఉంది తప్ప శాసనంలా లేదని తేల్చింది. మూడు నెలల్లో తప్పనిసరి నియమాలు రాయమంది. 2025 ఏప్రిల్‌లో ఇంకో తీర్పులో, డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనంది. ఆ తీర్పు కూడా మా గ్రూపులోకి వచ్చింది. ఫోటోగా. వికలాంగుల్ని దివ్యాంగులన్నాం. పేరు మార్చడం మనకు తేలిక, ఫైలు మార్చడమే కష్టం.

సరే, సర్క్యులర్ల సంగతి వదిలేయండి, అవి కళ్లున్నవాళ్లమూ చదవం. పాఠ్యపుస్తకం మాటేమిటి? ఒక తెలుగు పాఠం పీడీఎఫ్ దించుకుని, అందులో ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూశాను. ఇంగ్లీషు అక్షరాలూ, డాలరు గుర్తులూ, కొక్కేలూ కలగాపులగంగా వచ్చిపడ్డాయి, కోడిని పట్టుకొచ్చి కీబోర్డు మీద వదిలినట్టు. తెర మీద మాత్రం ముత్యాల్లాంటి తెలుగు. పాతకాలపు డీటీపీ ఫాంట్ల మాయ ఇది. పైకి తెలుగు బొమ్మ, కడుపులో ఇంగ్లీషు కోడు. (పిల్లల్ని ఇంగ్లీషు మీడియంలో వేసి, సభల్లో తెలుగు గొప్ప చెప్పే మనలాంటిదే అన్నమాట.) చూసేవాడికి పద్యం కనిపిస్తుంది. వినేవాడికి వై, సున్నా, డాలరు, బ్రాకెట్టు అని వినిపిస్తుంది. ఛందస్సు కూడా కుదరదు.

యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. ఆ ఏడు పుట్టిన పిల్లలు టీచర్లయి, వాళ్ల పిల్లల్ని కూడా బళ్లో వేశారు. పోనీ ముచ్చటైన ఫాంట్లు లేవంటారా? పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన్న, సూరన్న, రామభద్ర, రామరాజ, తెనాలి రామకృష్ణ, ఇలా దిగ్గజాలెనిమిదింటి పేరుతోనూ యూనికోడ్ ఫాంట్లున్నాయి. సింహాసనం ఖాళీగా ఉండకూడదని శ్రీకృష్ణదేవరాయ ఫాంటు కూడా ఉంది. ఏ ఒక్కదానికీ నయాపైసా ఇవ్వక్కర్లేదు. భువనవిజయం మొత్తం గుమ్మంలో నిలబడి ‘లోపలికి రావచ్చునా’ అని అడుగుతుంటే, డీటీపీ చేసే ఆయన తలెత్తకుండా ‘మాకు పాతదే అలవాటండీ’ అంటాడు. రాయలవారు మళ్లీ గుర్రమెక్కుతారు.

ఇక మా ఉపాధ్యాయుల సంగతి. 2017 సెప్టెంబర్ 5న అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడుగారు ‘దీక్ష’ అనే డిజిటల్ పాఠాల వేదికను ప్రారంభించారు. 2020లో ‘నిష్ఠ’ శిక్షణ కూడా దాని మీదికే వచ్చింది. దీక్ష, నిష్ఠ! పేర్లు వింటేనే మాల వేసుకుని కటిక నేల మీద పడుకోవాలనిపిస్తుంది. నేను చేసింది మాత్రం, వీడియో పెట్టి ఫోన్ గట్టు మీద ఆనించి, పప్పుకు తాలింపు వేసుకోవడం. సర్టిఫికెట్ వచ్చింది. పప్పూ బాగానే కుదిరింది.

పాఠం పక్కనే క్యూఆర్ కోడ్ ఉంటుంది, స్కాన్ చేస్తే వీడియో వస్తుంది. మంచిదే. కానీ చదును కాగితం మీద అచ్చేసిన నల్లగడిని చేత్తో ఎంత తడిమినా తెలియదు కదా, మా వాడు దాన్ని ముందు కనిపెట్టాలి. బెంచీలో పక్కవాడు కనిపెట్టి పెట్టాడే అనుకోండి, వీడియో మొదలవుతుంది. “ఇక్కడ గమనించండి. ఇది ఇటు నుంచి ఇలా లోపలికి వస్తుంది. ఇక్కడికి చేరాక అటు తిరిగి, ఎర్రగా మారి బయటికి వెళుతుంది. అర్థమైంది కదా!” తాను విన్నది గుండె పాఠమో రైల్వే సిగ్నల్ పాఠమో మా వాడికి ఈ రోజుకీ తెలీదు. అదే తరగతిలో వినపడని పిల్ల ఒకతి ఉంది. ఆ వీడియో అడుగున మాటలు అక్షరాలుగా రావు. వెనకాల వేణువు మాత్రం బహు శ్రావ్యంగా మోగుతుంది, ఆ పిల్ల కోసమే కాబోలు.

ఎవరైనా దీన్ని తెరిచారా, తెరిచినవాడికి అందిందా అని అడిగే గడి మేం నింపే ఏ ఫార్మాట్లోనూ లేదు. ఈ నెల ఎన్ని అప్‌లోడ్ చేశారన్నదే లెక్క. అందుకే డ్రైవ్‌లో ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘అసలు ఫైనల్’ అని ఒకే పాఠం మూడుసార్లు పడుకుని ఉంటుంది. లెక్కలో మూడు వనరులు. నేనేం తక్కువ తినలేదు. లాక్‌డౌన్లో నోట్సు చేత్తో రాసి, ట్యూబులైటు కింద ఫోటోలు తీసి, రోజుకు పన్నెండు చొప్పున పిల్లల మీదికి వదిలినవాణ్ణి. చదివారా అని అప్పుడు నేనూ అడగలేదు.

మరి వాడెలా చదువుతున్నాడంటారా? వాడి బెంచీ మీద కూర్చునే స్నేహితుడొకడు సాయంత్రం వాళ్లింటి అరుగు మీద కూర్చుని పాఠం పైకి చదువుతూ ఫోన్లో రికార్డు చేసి పంపుతాడు. ఒకటి నేనూ విన్నాను. మధ్యలో కోడి కూస్తుంది. వాళ్లమ్మ నీళ్లొచ్చాయి బిందె పట్టమని కేకేస్తుంది, ‘ఒక్క నిమిషం ఆగు’ అని మనకే చెప్పి వెళ్లిపోతాడు. తిరిగొచ్చి, బొమ్మ రాగానే ఆగుతాడు: “ఇక్కడ బొమ్ముందిరా. ఇద్దరు ఆడవాళ్లు నాట్లేస్తున్నారు. గట్టు మీద కొంగ ఉంది. కొంగకు ఒక కాలే వేశాడు.” మళ్లీ పాఠంలోకి.

బొమ్మ ఉన్నచోట దాన్ని మాటల్లో చెప్పాలన్నది వెబ్ ప్రమాణాలన్నీ ముందు చెప్పే పాఠం. ఆ కుర్రాడికి ఎవరూ మాడ్యూల్ చూపించలేదు, సర్టిఫికెట్ ఇవ్వలేదు. నా సర్వీసులో నేను చూసిన అసలైన డిజిటల్ వనరు అదొక్కటే. ఈ సంగతి పైకి రిపోర్టు చేయలేదు. చేస్తే, వాడు చదువుతున్నప్పటి ఫోటో లొకేషన్‌తో సహా అప్‌లోడ్ చేయమంటారని భయం.

సెక్షన్లో కూర్చుని టైపు చేసేవారికి ఒక్క విన్నపం. ప్రింటు, సంతకం, సీలు, స్కాను మీ ఇష్టం, ఎన్నిసార్లయినా కానివ్వండి. ప్రింటుకు ముందు మీ కంప్యూటర్లో ఒక ఫైలుంది చూశారూ, దాన్ని కూడా జతచేసి పంపండి. వేలు అక్కర్లేదు.