అద్దె నవల ఆత్మకథ

నా పేరు ‘సెక్రటరీ’. యద్దనపూడి సులోచనారాణి గారు రాసిన నవలను. అరవైల్లో ‘జ్యోతి’ మాసపత్రికలో సీరియల్‌గా వచ్చి, పుస్తకమై, మళ్లీ మళ్లీ అచ్చయిన ఆ నవలలో నేనొక ప్రతిని. విజయవాడలో సీసపు అక్షరాలు కూర్చి, చవక కాగితం మీద అచ్చొత్తి, గుడివాడ పంపారు. అక్కడ అద్దె పుస్తకాల షాపాయన నాకు దళసరి అట్టతో బైండు చేయించి, మొదటి పేజీ మీదా మధ్య పేజీ మీదా రబ్బరు స్టాంపు వేశాడు. అద్దె రోజుకు పది పైసలు. అప్పటినుంచి నాకంటూ ఒక ఇల్లు లేదు. ఊళ్లో ఏ ఇంటికి పిలిస్తే ఆ ఇంటికి వెళ్లాను.

మధ్యాహ్నం భోజనాలై, మగవాళ్లు పనుల మీద వెళ్లాక నన్ను బయటికి తీసేవారు. కాలేజీ అమ్మాయిలు రికార్డు పుస్తకం మధ్యలో దాచుకుని చదివేవారు. ఒక ఇంట్లో బామ్మకు చదువు రాదు. మనవరాలు పైకి చదువుతుంటే ఆవిడ వత్తులు చేసుకుంటూ వినేది. పక్కింటి పిన్నిగారూ అంట్లు తోమే ఆమే వచ్చి గుమ్మంలో కూర్చునేవారు. జయంతి రాజశేఖరానికి తలవంచకుండా జవాబు చెప్పిన చోట బామ్మ, “ఆగవే, అది మళ్లీ చదువు” అనేది. మనవరాలు మళ్లీ చదివేది. నాలో ఉన్న సుఖం అదే. ఆగమంటే ఆగుతాను, మళ్లీ అంటే మళ్లీ మొదలవుతాను.

ఇంకో సంగతి కూడా గర్వంగా చెప్పుకుంటాను. రాజశేఖరం ఎత్తూ, హుందాతనమూ, మౌనమూ నా పేజీల్లో ఉన్నాయి. మొహం మాత్రం చదివేవాళ్లే పెట్టుకునేవారు. ఒకమ్మాయికి అతను కాలేజీలో కొత్తగా చేరిన లెక్చరరు. ఇంకొకామెకు పెళ్లిచూపులకు వచ్చి, కట్నం కుదరక వెళ్లిపోయిన మనిషి. ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోవడం చూసి నాకు తెలిసింది.

1976లో నేను సినిమానయ్యాను. నిర్మాత రామానాయుడు గారు, దర్శకుడు కె.ఎస్. ప్రకాశరావు గారు, సంగీతం మహదేవన్ గారు. అక్కినేని నాగేశ్వరరావు గారు రాజశేఖరం, వాణిశ్రీ గారు జయంతి. అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని నాగేశ్వరరావు గారు మళ్లీ తెర మీదికి వచ్చిన రోజులవి. ఆయన సొంతూరు గుడివాడకు దగ్గరే. రచయిత్రి పుట్టిన కాజ కూడా మా కృష్ణా జిల్లాలోనే. ఇక ఊరు ఆగుతుందా? హాలు ముందు బళ్లు కట్టుకొచ్చారు.

సినిమా వచ్చాక నన్నెవరూ అడగరని భయపడ్డాను. అలా జరగలేదు. హాల్లోంచి నేరుగా షాపుకు వచ్చి, “బాబాయిగారూ, సెక్రటరీ ఉందా?” అని అడిగినవాళ్లున్నారు. కొన్నాళ్లు నాకు క్షణం తీరిక లేదు. అయితే కొత్తగా వచ్చిన వాళ్ల చదువు వేరుగా ఉండేది. పాటలు ఎక్కడ వస్తాయోనని వెతుక్కునేవారు. జయంతి ఒంటరిగా ఆలోచించుకునే చోట పేజీలు తిప్పేసేవారు. నన్ను చాలాసార్లు చదివిన ఒక ఇల్లాలు సినిమా చూసొచ్చిన రాత్రి నన్ను తెరిచి, నాలుగు పేజీలైనా కాకముందే మూసేసింది. ఆమె మనసులోని రాజశేఖరం రాలేదు, నాగేశ్వరరావు గారు వచ్చారు. అప్పటికి యాభై దాటిన ఆ మహానటుడి మీద నాకు ఫిర్యాదేమీ లేదు. ఇంటింటికీ వేరుగా ఉన్న మొహాలన్నీ పోయి ఊరంతటికీ ఒకే మొహం మిగిలిందన్నదే నా బాధ.

సినిమాను నేను చిన్నచూపు చూడను. గుమ్మంలో కూర్చున్న ఆ అంట్లామె, ఒకరు చదివి పెడితే తప్ప నన్ను అందుకోలేకపోయింది. హాల్లో నేల టిక్కెట్టు కొనుక్కుని, ఎవరి సాయమూ లేకుండా కథంతా తనే చూసింది. ఆమెకు నేను ఇవ్వలేనిది సినిమా ఇచ్చింది. కానీ జయంతి జీతం కోసం గొప్పింటి మనిషి దగ్గర పనిచేసే పిల్ల. ఆ రోజుల్లో ఉద్యోగానికి గడప దాటిన ఆడపిల్లకు ఆత్మాభిమానం ఎంత అవసరమో, లోకం మాట ఎంత బరువో ఆమె లోపల్లోపల తర్కించుకుంటుంది. కెమెరా బయట నిలబడి చూస్తుంది. లోపలి మాటను అది సంభాషణగానో, పాటగానో, నటి కంటిచూపుగానో మార్చుకోవాలి. వాణిశ్రీ గారి చూపు ఎంతో చెబుతుంది, అయినా పేజీ నిండా నడిచే ఆలోచన అందులో పట్టదు.

షాపులో నా వరసలోని వాళ్లకూ ఇదే అనుభవం. ‘విజేత’ను 1972లో ‘విచిత్రబంధం’గా తీశారు. ‘జీవన తరంగాలు’, ‘మీనా’ 1973లో వచ్చాయి. కోడూరి కౌసల్యాదేవి గారి ‘చక్రభ్రమణం’ నాకంటే ముందే ‘డాక్టర్ చక్రవర్తి’ అయింది. 1964కి ఉత్తమ చిత్రంగా తొలి బంగారు నంది దానికే దక్కింది. అంత మంచి సినిమా వచ్చినా, నా పక్కనున్న ఆ నవలను వెనకటి ధ్యాసతో చదివేవాళ్లు తగ్గిపోయారు.

అద్దె పుస్తకానికి దయ చూపించేవాళ్లు తక్కువ. పేజీ మూలలు మడిచారు. పోపు చేసిన చేత్తోనే తిప్పారు. ఖాళీ కాగితం మీద పాల లెక్క రాశారు. ఒక పెద్దమనిషి తర్వాత చదివేవాళ్ల మీద కనికరం లేకుండా ముగింపు ముందే మార్జిన్‌లో రాసిపెట్టాడు. చివరి రెండు పేజీలు ఎవరు చింపారో ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత నన్ను చదివినవాళ్లు షాపుకొచ్చి, “చివరికి ఏమైందండీ?” అని అడుగుతుంటే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

ఎనభైల్లో వీడియో క్యాసెట్లు వచ్చాయి, 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాయి. “నవలెందుకు, టీవీలో సినిమా వేస్తారుగా” అన్న మాట మొదటిసారి విన్నది అప్పుడే. ముందు పై అరలోకి, తర్వాత గోనెసంచిలోకి, ఆ తర్వాత అటక మీదికి వెళ్లాను. షాపు జిరాక్సు సెంటరయింది. అటక మీద ఎన్ని వానలు కురిశాయో! కప్పు కారి అట్ట ఉబ్బింది, చెదలు కుట్టుదారం దాకా వచ్చాయి, కాగితం పచ్చబడి ముట్టుకుంటే పెళుసుగా విరిగేది. ఎవరైనా సంచి మూతి విప్పితే బాగుండునని ఎదురుచూసేదాన్ని. చివరికి విప్పింది పాత పేపర్లవాడు. నన్నూ నా తోటివాళ్లనూ తక్కెడలో వేసి తూచాడు. బామ్మ మళ్లీ చదివించుకున్న పేజీకీ పాల లెక్క రాసిన పేజీకీ ఒకటే ధర. నా కళ్లముందే ‘మీనా’ పల్లీల పొట్లాలైంది. నా బైండు గట్టిగా ఉందని నన్ను పక్కన పెట్టి, విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల వాళ్లకు అమ్మాడు.

2018 మే నెలలో సులోచనారాణి గారు అమెరికాలో, కాలిఫోర్నియాలో కన్నుమూశారు. ఆ వారం ఒకమ్మాయి నన్ను చేతిలోకి తీసుకుని, నాలుగు పేజీలు తిప్పి, “ఇది సినిమా ఉంది కదా, ఫోన్లో చూసేస్తాలే” అని పెట్టేసి వెళ్లింది.

ఆమెకు చెప్పలేకపోయింది మీకు చెబుతున్నాను. సినిమా చూడండి, వద్దనను. అయితే ముందు నవల చదవండి. చివరి పేజీలు లేనిదాన్ని కాబట్టి నన్నే కొనమని అడగను. కొత్త ముద్రణలు దొరుకుతున్నాయి, తెచ్చుకోండి. జయంతికీ రాజశేఖరానికీ మొహాలు మీరే ఇచ్చి, నచ్చిన చోట ఆగి మళ్లీ చదువుకుని, ఆ తర్వాత సినిమాకు వెళ్లండి. చదివాక మూలలు మడవకుండా, పేజీలు చింపకుండా ఇంకొకరి చేతిలో పెట్టండి.