మోదుగాకు దిగిన ఫొటో: ఒక నీలి కాగితం ఆత్మకథ

నేనొక కాగితాన్ని. పత్తి గుజ్జుతో చేసిన మందపాటి కాగితాన్ని. నా ఒంటి మీదున్న ముదురు నీలాన్ని సయనోటైప్ అంటారు. ఏ కెమెరా, ఏ లెన్సూ నా దగ్గరికి రాలేదు. ఫొటో తీసింది ఢిల్లీ పక్కనున్న గురుగ్రామ్ ఎండ, దిగింది ఒక మోదుగాకు.

ఈ విద్య పాతది. 1842లో జాన్ హెర్షెల్ అనే ఇంగ్లండు ఖగోళ శాస్త్రవేత్త కనిపెట్టాడు. మరుసటి ఏడాదే అన్నా అట్కిన్స్ అనే ఆవిడ సముద్రపు నాచును నాలాంటి కాగితాల మీద పరిచి, ఎండకు పెట్టి, ఆ బొమ్మలతో పుస్తకం తేవడం మొదలుపెట్టింది. ఫొటోలతో వచ్చిన మొదటి పుస్తకం అదేనంటారు. తర్వాత ఇదే నీలాన్ని ఇంజనీర్లు భవనాల నక్షలకు వాడారు. బ్లూప్రింట్ అంటే అదే. నాచు నీడను పట్టుకున్న మందే నగరాలు కట్టడానికీ పనికొచ్చింది. ఆ రెండు వంశాల బిడ్డను నేను.

ఢిల్లీలో చదువుకుంటున్న ఒక తెలుగమ్మాయి వెలుతురు తక్కువున్న గదిలో ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసయనైడ్ కలిపి నాకు పూసింది. ఆరాక నా మీద ఆకు పెట్టి, అద్దం బిగించి, మేడ మీదికి తెచ్చింది. ఎండ తగిలినచోట నాలోని ఇనుము మారి నీలం పుట్టింది. ఆకు కాపు కాసినచోట మందు అలాగే ఉండిపోయి, నీళ్లలో కడగగానే వదిలిపోయింది. క్షారం తగిలితే నా నీలం వెలిసిపోతుందని కడిగే నీళ్లలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండింది.

నన్ను దగ్గరగా చూడండి. మూడు రెక్కల ఆకు తెల్లగా తేలింది. ఎడమ రెక్కలో ఏదో పురుగు కొరికిన చిన్న చిల్లు ఉంది. అందులోంచి దూరిన ఎండ అక్కడొక నీలి చుక్క పెట్టింది. ఆ పురుగు తిన్న ముద్ద కూడా నా మీద ఉంది.

ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"ఇది మోదుగాకు కదే! దీంతో ఎన్ని విస్తళ్లు కుట్టామో. ఇక్కడెక్కడిదే?"

"పక్కనే ఆరావళి బయోడైవర్సిటీ పార్కులో రాలింది, అమ్మమ్మా."

ఆ పార్కు ఒకప్పుడు గనులు తవ్వి వదిలేసిన నేల. ఢిల్లీ దగ్గరి ఆరావళి కొండల్లో ఎక్కడ చూసినా విలాయతీ కీకరే. మన పల్లెల్లో పొలాలనూ చెరువులనూ మింగిన సర్కారు తుమ్మ అదే. అలాంటి చోట జనం పూనుకుని ధౌ, అందుగు, మోదుగ వంటి ఆరావళి చెట్లను మళ్లీ నాటారు. అభయారణ్యం కాకపోయినా జీవవైవిధ్యాన్ని కాపాడుతున్న చోటుగా 2022లో దానికి గుర్తింపు వచ్చింది. దేశంలో అలాంటి గుర్తింపు పొందిన మొదటి స్థలం అదే.

దూరం నుంచి తీసే ఫొటోకు చెట్టు కంటికి కనిపిస్తే చాలు. నాకు చాలదు. ఆకు వచ్చి నన్ను తాకాలి, ఎండ కాయాలి, నీళ్లు పారాలి, గాలి తేటగా ఉండాలి. ఇందులో ఏది చెడినా నా మీద తెలిసిపోతుంది. మే నెల ఎండలో నిమిషాల్లో అయ్యే పని నవంబరులో ఎంతకీ తెమలదు. సూర్యుడు కిందికి వాలడం ఒక కారణం. వాహనాల పొగ, దుమ్ము, పొలాల్లో కాల్చిన గడ్డి పొగ కలిసి, నాకు కావలసిన అతినీలలోహిత కిరణాలను అడ్డుకోవడం ఇంకో కారణం. ఆ పొగే పిల్లల ఊపిరితిత్తుల్లోకీ వెళుతోంది.

ప్రతి కాగితం వెనకా ఆ అమ్మాయి తేదీ, ఎండకు పెట్టిన సమయం పెన్సిలుతో రాస్తుంది. ముందువైపు ఆకు చరిత్ర, వెనకవైపు ఢిల్లీ గాలి చరిత్ర. ఏటా నవంబరు కాగితాల వెనక ఆ సమయం తగ్గుతూ రావాలి. నా తర్వాత పుట్టే కాగితాల కోసం నేను కోరుకునేది అదే.