హెల్మెట్ ప్రశ్న: టీకాతాత్పర్య సహితం

అవతారిక: బ్యాంకు పీఓ పరీక్షకు చదువుతున్న మా మేనకోడలు ఒక సాయంత్రం ఈ ప్రశ్న తెచ్చి నా ముందు పెట్టింది. జవాబు తనకి ముందే తెలుసు. నాకు తెలుసో లేదో చూద్దామని తెచ్చింది. రఘువంశానికి టీక రాసిన మల్లినాథసూరి, మన మెదక్ జిల్లా కొల్చారం వాడు, ఆధారం లేనిది రాయనని, అక్కర లేనిది చెప్పనని ముందే మాటిచ్చి కలం పట్టాడు. నేనూ అదే మాట ఇచ్చి మొదలుపెడుతున్నాను.

మూలం: ఒక పట్టణంలో, హెల్మెట్ లేనందుకు తనిఖీల్లో నమోదైన కేసులు గత ఏడాది అంతకుముందు ఏడాదితో పోలిస్తే సగానికి తగ్గాయి. అదే కాలంలో తనిఖీల సంఖ్య రెట్టింపయింది. ఇవి నిజమైతే, కిందివాటిలో తప్పనిసరిగా నిజమయ్యేది ఏది? (అ) పట్టణంలో హెల్మెట్ వాడకం పెరిగింది. (ఆ) జరిమానా భయమే కేసులు తగ్గడానికి కారణం. (ఇ) ఒక్కో తనిఖీకి సగటున నమోదైన కేసులు నాలుగో వంతుకి పడిపోయాయి. (ఈ) రోడ్డు ప్రమాదాల్లో మరణాలు తగ్గాయి. (ఉ) ఇకపై తనిఖీలు అక్కర్లేదు.

ప్రతిపదార్థం: ఒక పట్టణంలో = పేరు చెప్పని ఊళ్లో. ఇది నంద్యాల అయి ఉండాలని నా ఊహ. బ్యాంకు కోచింగులకు పేరుపడ్డ ఊరు కదా, ప్రశ్నలు రాసేవారూ అక్కడివారే అయి ఉంటారు, కిటికీలోంచి చూసింది రాసి ఉంటారు. "మామయ్యా, పేరు లేదంటే లేదనే అర్థం" అంది అమ్మాయి. ఇచ్చిన మాట మొదటి పదం దగ్గరే తప్పానన్నమాట. నంద్యాలను వెనక్కి తీసుకుంటున్నాను.

తనిఖీల్లో నమోదైన = రోడ్డు మీద ఆపి రాసుకున్నవి మాత్రమే. ఈ మాట అలంకారానికి పెట్టింది కాదు. ఇది లేకపోతే కెమెరాతో ఫొటో తీసి ఇంటికి పంపే చలాన్లు కూడా లెక్కలో కలిసి, తనిఖీకి ఇన్నని సగటు కట్టే వీలుండేది కాదు. ప్రశ్నకర్త ప్రాణం ఇక్కడుంది.

సగానికి = నూటికి యాభైకి. ఇక్కడ 'సగం తగ్గాయి' అన్న పాఠం ఉన్నా ఇబ్బంది లేదు. కానీ 'మూడో వంతు తగ్గాయి', 'మూడో వంతుకి తగ్గాయి' అన్నవి మాత్రం పక్కపక్కనే కూర్చున్న పగవాళ్లు. మొదటి దాంట్లో రెండు వంతులు మిగులుతాయి, రెండో దాంట్లో ఒకటే మిగులుతుంది. షష్ఠీ విభక్తిని ఇంత నిర్దయగా పరీక్షించే చోటు వ్యాకరణం పేపర్లో కూడా లేదు.

తప్పనిసరిగా = ఎట్టి పరిస్థితిలోనూ వేరుగా ఉండటానికి వీల్లేకుండా. 'బహుశా', 'అయ్యుంటుంది', 'అంతే కదా మరి' అన్న అర్థాలు ఈ పదానికి నిఘంటువులో లేవు, మనింట్లో ఉన్నాయి.

పూర్వపక్షం: జవాబు (అ) అని పూర్వపక్షి వాదం. పూర్వపక్షి నేనే. తనిఖీలు రెట్టింపయ్యాయి, దొరికేవాళ్లు తగ్గారు, అంటే జనం హెల్మెట్ పెట్టుకుంటున్నట్టే కదా? వాడకం పెరిగితే కేసులు తగ్గుతాయి. కేసులు తగ్గాయి. కాబట్టి వాడకం పెరిగింది. ఇంతకన్నా ఏం కావాలి?

సిద్ధాంతం: ఇది కాలిన ఇనపగుండు దోషం. ఈ ఉదాహరణ ఉన్న తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడే. పొగను చూసి నిప్పుందని చెప్పొచ్చునని, నిప్పును చూసి పొగ ఉందని చెప్పకూడదని తార్కికులు ఎందుకన్నారంటే, ఎర్రగా కాలిన ఇనపగుండులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. పొగ రావాలంటే పచ్చి కట్టె కూడా కలవాలి. ఆ అదనపు షరతుకి ఉపాధి అని పేరు. ఇక్కడా అంతే. కేసులు తగ్గడానికి హెల్మెట్లొక్కటే దారి కాదు. తనిఖీ ఏ కూడలిలో ఉందో వాట్సాప్ గ్రూపులో ముందే తెలిసి సందులోంచి తిరిగిపోయినా తగ్గుతాయి. తనిఖీలు తెల్లవారుజామున ఖాళీ రోడ్ల మీద పెట్టినా తగ్గుతాయి. హేతువు (కేసులు తగ్గడం) ఉన్న ప్రతిచోటా సాధ్యం (వాడకం పెరగడం) ఉండటం లేదు. సవ్యభిచార హేతువంటే ఇదే.

"మరి ఇవన్నీ కూడా మూలంలో లేవు కదా?" అన్నాను, దొరికాడు దొంగ అనుకుంటూ. "లేవు. కానీ వీటిని నువ్వు నిజమని తేల్చక్కర్లేదు మామయ్యా. కుదురుతాయని చూపిస్తే చాలు, (అ) పడిపోతుంది" అంది. ఒక మాటని నిలబెట్టడానికి కావలసిన సరంజామా వేరు, పడగొట్టడానికి కావలసింది వేరు. పడగొట్టడం చవక.

ఇక (ఇ). అంతకుముందు ఏడాది 100 తనిఖీల్లో 800 కేసులనుకుందాం, తనిఖీకి 8. గత ఏడాది 200 తనిఖీల్లో 400, తనిఖీకి 2. అంకెలు ఏవైనా వేసుకోండి, నాలుగో వంతే వస్తుంది. ఊరు ఏదైనా, పోలీసులు ఎలాంటివారైనా, జనం సందుల్లోంచి పోయినా రాజమార్గాన పోయినా వస్తుంది. కనుక (ఇ) జవాబు. చప్పగా ఉందంటే నిజమే. ఈ జాతి ప్రశ్నల్లో సరైన జవాబు ఎక్కువసార్లు చప్పగానే ఉంటుంది, ఉప్పూకారం తప్పు జవాబుల్లో వేస్తారు. (ఆ), (ఈ), (ఉ) గురించి వేరే చెప్పడం పుస్తకం పెంచడానికే.

విశేషాలు: తర్కశాస్త్రంలో 'అనుమానం' అంటే నిశ్చయమైన జ్ఞానానికి తోవ, ప్రమాణాల్లో ఒకటి. తెలుగులోకి వచ్చేసరికి అదే మాట సందేహమైంది, సామెతలో పెనుభూతమైంది. (ఇ)ని పట్టుకున్నది సంస్కృత అనుమానం, (అ)ని పట్టుకున్నది తెలుగు అనుమానం. పెళ్లిచూపుల తర్వాత వారం దాకా అవతలివాళ్ల ఫోన్ రాకపోతే మా ఇంట్లో నడిచేది రెండోదే.

న్యాయదర్శనానికీ ఈ పరీక్షకీ ఒక తేడా ఉంది. కొండ మీద పొగ చూసి నిప్పుందన్నప్పుడు నైయాయికుడు వంటింటిని దృష్టాంతంగా చూపిస్తాడు. పొయ్యి దగ్గర పొగా నిప్పూ కలిసి ఉండటం ఎన్నోసార్లు చూశాం, అందుకని ఒప్పుకుంటున్నాం అంటాడు. పరీక్ష హాల్లో వంటింటి అనుభవం చెల్లదు. పేరాలో పొగ ఉందని మాత్రమే రాస్తే పొగ ఉందనే అనాలి. నలభై ఏళ్లు సంసారం చేసినవాడికి ఇది ఎంత కష్టమో ఇరవై రెండేళ్ల పిల్లకు తెలియదు. అందుకే దానికి మార్కులొస్తున్నాయి.

పగలు తినని దేవదత్తుడు లావుగా ఉన్నాడంటే రాత్రి తింటున్నాడన్న మీమాంసకుల అర్థాపత్తి ఈ ప్రశ్నకు వర్తించదు. అది పొసగని రెండు మాటల్ని పొసగేలా చేసేది. ఇక్కడ పొసగనిదేమీ లేదు.

'కొందరు' అన్న మాట ఈ ప్రశ్నలో రాలేదు గానీ పక్క పేజీలో వచ్చింది. పరీక్షలో కొందరంటే కనీసం ఒక్కరు, అందరైనా కావచ్చు. "కొందరికి ఎంత చెప్పినా తలకెక్కదు" అని మా ఆవిడ వంటింట్లోంచి అన్నప్పుడు మాత్రం అది కచ్చితంగా ఒక్కరే.

కాలనిర్ణయం: ఎంబీఏ ప్రవేశ పరీక్ష జీమ్యాట్ వెర్బల్ విభాగంలో ఇటువంటివీ మరికొన్నీ కలిపి 23 ప్రశ్నలకు 45 నిమిషాలు, అంటే ఒక్కోదానికి రెండు నిమిషాలు కూడా పూర్తిగా లేదు. బ్యాంకు పరీక్షలో తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో పావు వంతు కోత కూడా. ఈ టీకకు నాకు పట్టింది రెండు సాయంత్రాలు, నాలుగు కాఫీలు.

గద్య: ఇది మేనకోడలి ప్రేరణచే, పూర్వపక్షంలో ఓడినవాడిచే విరచితమైన 'పావుమార్కు భీతిహారిణి' అను వ్యాఖ్య. దీన్ని రాసినవాడు తనిఖీల్లో ఎన్నడూ దొరకలేదు. దాన్నిబట్టి అతను హెల్మెట్ పెట్టుకుంటాడని తేల్చరాదు.