తాతయ్యకి చిల్లులేవి?

జవాబు చెబితే ప్రశ్న ఆగుతుందనుకునేవాళ్ళ ఇంట్లో నాలుగేళ్ళ పిల్ల ఉండి ఉండదు. మా ఇంట్లో ఉంది. ఈమధ్య పొద్దున టిఫిన్ కూడా ప్రశాంతంగా గొంతు దిగడం లేదు.

"నాన్నా, దోశకి చిల్లులెందుకు?"

"పిండి పులిస్తే గ్యాస్ పుడుతుందమ్మా. అది బయటికి వచ్చేటప్పుడు చిల్లులు పడతాయి."

"తాతయ్యకీ గ్యాసేగా? మరి తాతయ్యకి చిల్లులేవి?"

మా నాన్నగారు పేపరు అడ్డం పెట్టుకున్నారు. రాత్రి బండి మీద వెళ్తుంటే చందమామ మన వెనకే ఎందుకొస్తున్నాడంది. చాలా దూరంలో ఉన్నాడు కాబట్టి అలా కనిపిస్తాడన్నాను. ఎంత దూరమంది. 3,84,400 కిలోమీటర్లన్నాను, తెలిసిన అంకె కాబట్టి కాస్త గర్వంగానే. "అంత దూరం నుంచి మన బండి ఏదో ఎలా తెలిసింది?" అంది.

ఇదంతా దేనివల్ల అన్న విషయంలో మా ఇంట్లో భిన్నాభిప్రాయం లేదు. వస వల్ల.

వస గురించి నాకు అవసరానికి మించి తెలుసు. చిత్తడి నేలల్లో పెరిగే మొక్క. దాని దుంప ఎండబెడితే వసకొమ్ము. కణుపులు కణుపులుగా, అల్లానికి దూరపు చుట్టంలా ఉంటుంది. దాన్ని ఆముదం దీపం మీద కాల్చి, సానరాయి మీద తల్లిపాలతో అరగదీసి, పసిదాని నాలుకకు రాస్తే మాటలు తేటగా వస్తాయని మా అమ్మ నమ్మకం. పిల్లల డాక్టరు ఒప్పుకోలేదు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా వద్దన్నారు. నేనూ ఊరుకోలేదు. వసలో ఎసరోన్ అనే పదార్థం ఉంటుందనీ, వస నూనె పెట్టిన ఎలుకలకు పేగుల్లో కణితులు లేచాయనీ, అందుకే అమెరికా 1968లోనే ఆహారంలో దాని వాడకాన్ని నిషేధించిందనీ చదివొచ్చి మరీ అమ్మకి చెప్పాను.

అమ్మ సానరాయి కడుగుతూ అంతా వింది. "అందుకే అక్కడ మన పిల్లలకి తెలుగు రావట్లేదు" అంది.

అలా డాక్టరు మాట ఆస్పత్రి గేటు దాకా చెల్లింది. ఆ తర్వాత సానరాయి రోజూ తడిగా ఎందుకుంటోందని నేనడగలేదు. అప్పట్లో మా ఇంట్లో 'ఎందుకు' అనేవాళ్ళు లేరు.

అంత చేసినా ఏడాదిన్నర దాటాక కూడా పిల్ల 'అత్త, తాత' దగ్గరే ఆగిపోయింది. ఇక చుట్టాలు మొదలెట్టారు. "ఇంకా మాటలు రాలేదా? మావాడు ఈపాటికి పద్యాలు చెప్పేవాడు." ఒక్కసారి 'నాన్న' అనమని పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని బతిమాలాను. బిస్కెట్లు లంచం పెట్టాను. తిన్నది, అనలేదు. ఆ చుట్టాలే ఇప్పుడొచ్చి అరగంట కూర్చోగానే "వస కాస్త ఎక్కువ పోసినట్టున్నారే" అంటూ చెప్పులు వెతుక్కుంటున్నారు. మాటలు రావాలని మొక్కిన మేమే "కాసేపు నోరు మూసుకో తల్లీ" అని దణ్ణం పెడుతున్నాం.

ఈ జూన్‌లో ఎల్‌కేజీలో వేశాం. మొన్న ముంజేతి మీద ఎర్ర పెన్నుతో గీసిన స్టారుతో వచ్చింది. మాట్లాడకుండా కూర్చున్నందుకట.

"ఎందుకు మాట్లాడకూడదో అడిగావా?" అన్నాను.

"అడక్కూడదు నాన్నా. ఫింగర్ ఆన్ లిప్స్" అంటూ పెదాల మీద వేలు పెట్టి చూపించింది.

నాకు నవ్వు రాలేదు. టీచరమ్మ మీద కోపమూ రాలేదు. ఒక్కదానికే మేమింత అల్లాడుతుంటే, గదినిండా అలాంటివాళ్ళని పెట్టుకుని ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? కానీ ఆ దారినే నేనూ వచ్చాను. ఆఫీసు మీటింగులో "ఎవరికైనా డౌట్లున్నాయా" అనగానే అందరం బల్ల వంక చూస్తాం. డౌట్లు లేక కాదు. ఏళ్ళ తరబడి ఫీజులు కట్టి నేర్చుకున్న విద్య అది. మా పిల్లకి అది మరీ తొందరగా వచ్చేస్తుందేమోనని బెంగ పట్టుకుంది.

అలాగని నా ఓపిక పెరిగిందనుకోకండి. నిన్న రాత్రి పదకొండింటికి "నాన్నా, దోమలు ఎప్పుడు పడుకుంటాయి?" అంది. నిద్ర నటించాను. నా కనురెప్ప వేలితో ఎత్తి పట్టుకుని మళ్ళీ అడిగింది. కసురుదామంటే ఆ స్టారు గుర్తొచ్చింది.

"తెలీదమ్మా, వెళ్ళి నానమ్మని లేపి అడుగు" అన్నాను. వస పోసింది ఆవిడేగా!