కనపడని గేరుకు దుడ్డెందుకు?

రేణిగుంట నుంచి తిరుపతికి పది కిలోమీటర్లు. రోడ్డు చాలావరకు బల్లపరుపు. ఇలాంటి ఊళ్లో సైకిల్ కొనాలని ఎవరికి బుద్ధి పుట్టినా ముందు నా దగ్గరికే వస్తారు. నాకు స్కూటరుంది కాబట్టి నా సలహాలో స్వార్థమంటూ ఉండదు.

ఈమధ్య కొందరు కుర్రాళ్లు ‘హబ్ గేరు’ అని కొత్త మాట పట్టుకొచ్చారు. వెనక చక్రం నడిమధ్యన లావుపాటి హబ్బు ఒకటి ఉంటుందట. గేర్లన్నీ అందులోనేనట. మధ్యలో కదలని పళ్లచక్రం, దాన్ని ఒరుసుకుంటూ చుట్టూ తిరిగే చిన్న చక్రాలు, వాటన్నిటికీ బయట లోపలివైపు పళ్లున్న వలయం. సూర్యుడూ గ్రహాలూ అన్నమాట. దోషమేదైనా వస్తే రాహుకేతు పూజకు శ్రీకాళహస్తి పాతిక కిలోమీటర్లే, ఆ సౌకర్యం కాదనను. కానీ మొన్న ఒక పెద్దాయన షాపులో అడిగిన ప్రశ్నే అసలైన ప్రశ్న.

“గేరు యాడుండాది సామీ?”

“హబ్బు లోపలుండాది.”

“అంటే బయటికి కనపడదా?”

“కనపడదు సామీ.”

“కనపడనిదానికి దుడ్డెందుకు?”

షాపతను నోరెత్తలేదు. మీరూ ఆ పెద్దాయన బాటలోనే నడవండి. గేర్లను వంకాయల్లా లెక్కపెట్టి కొనాలి. ముందు మూడు, వెనక ఏడు, గుణిస్తే 21. హబ్బులో ఎన్నంటే మూడంటారు, బాగా డబ్బున్నవాడికి ఏడో ఎనిమిదో. 21 ఎక్కడ, మూడెక్కడ!

దీనికి లెక్కల మాస్టర్లు అడ్డం వస్తారు. ముందు 42, 34, 24 పళ్లు, వెనక 14 నుంచి 28 పళ్లు ఉంటే ఆ 21లో చాలా గేర్లు ఒకదానికి ఇంకోటి నకలేనని కాగితం మీద వేసి చూపిస్తారు. మన పాత నల్ల సైకిల్‌కు ముందు 44, వెనక 18 పళ్లుంటే పెడలు ఒక చుట్టు తిరిగేసరికి బండి దాదాపు 5.5 మీటర్లు పోతుందనీ, దానికే మూడు గేర్ల హబ్బు వేస్తే మొదటి గేరులో 4 మీటర్లు, రెండో గేరులో అదే 5.5, మూడో గేరులో 7 పైచిలుకు పోతుందనీ, ఎదురుగాలికి ఒకటి, మామూలుకు ఒకటి, వాలుకు ఒకటి, ఊళ్లో తిరిగేవాడికి అంతకుమించి పనేముందనీ అంటారు. పారిస్‌లో 2007లో, లండన్‌లో 2010లో వేలకొద్దీ అద్దె సైకిళ్లు రోడ్డెక్కితే రెండుచోట్లా మూడు గేర్ల హబ్బే బిగించారట. వాళ్ల సైకిల్‌ను ఇంటికొచ్చిన చుట్టాలకు చూపించుకునే అవసరం వాళ్లకు లేదు మరి.

సైకిల్ ఎంచుకునేటప్పుడు రోజూ తొక్కే దారిని మనసులో పెట్టుకోవద్దు. ఎన్నడూ తొక్కని దారిని పెట్టుకోండి. మనకు తిరుమల కొండ ఉంది కదా. 1944 నుంచి ఒక ఘాట్ రోడ్డు, 1974 నుంచి రెండోది. ఏదో ఒక రోజు కొండకు సైకిల్ మీద పోతానని ఇంట్లో ప్రకటించి, ఆ ఒక్క రోజు కోసం 27 గేర్లు తీసుకోండి. ఆ రోజు వచ్చినప్పుడు ఎలాగూ అలిపిరి మెట్ల మీదే పోతారు. మిగతా రోజుల్లో స్టేషన్ దాకా పోయి పాలప్యాకెట్లు తెచ్చుకోవడానికీ ఆ 27 పనికొస్తాయి.

రైల్వే గేటు సంగతి వేరే చెప్పాలి. చెన్నై, గుంతకల్లు, గూడూరు, కాట్పాడి లైన్లు కలిసే జంక్షన్ మనది, ఈ చుట్టుపక్కల గేటు పడిందంటే గూడ్సు పోయేదాకా నిలబడాల్సిందే. బయటి గేర్ల సైకిల్‌కు తొక్కుతూ ఉంటేనే గేరు మారుతుంది. పెద్ద గేరులో వచ్చి ఆగినవాడు, గేటు లేవగానే సీటు మీంచి లేచి, ఒళ్లంతా పెడలు మీద వేసి, లివరు నొక్కితే గొలుసు కరకరమని అరుస్తుంది. ఆటోవాళ్లూ బస్సులోవాళ్లూ అందరూ మనవైపే చూస్తారు. హబ్ గేరువాడో, ఆగినచోటే లివరు తిప్పేస్తాడు. గేటు లేవగానే చడీచప్పుడూ లేకుండా వెళ్లిపోతాడు. వాడిది గేరు సైకిలని ఒక్కడికైనా తెలిసిందా?

గొలుసు విషయంలోనూ అంతే. హబ్ గేరుకు గొలుసు అటూ ఇటూ దూకదు, ముందు పళ్లచక్రం నుంచి వెనకదానికి తిన్నగా నడుస్తుంది. కాబట్టి నిండుగా చైన్ కవరు వేసుకోవచ్చు. మే నెల దుమ్మూ నవంబరు వానల బురదా గొలుసుకు అంత తేలిగ్గా పట్టవు, పంచె అంచూ చుడీదారూ చిక్కుకోవు. ఇలాగైతే గ్రీజు మరకలు లేని ప్యాంటుతో ఆఫీసుకు చేరతారు. మీరు సైకిల్ మీద వచ్చినట్టు రుజువేది?

పాత సైకిల్ కొనేవాళ్లకు నా దగ్గర మంచి కిటుకుంది. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో 1902లో పుట్టిన స్టర్మీ ఆర్చర్ కంపెనీ మూడు గేర్ల హబ్బులు లక్షలకొద్దీ చేసింది, ర్యాలీ సైకిళ్లతోపాటు అవి మన దేశానికీ వచ్చాయి. 2000లో ఆ కంపెనీ తైవాన్ వాళ్ల చేతికి పోయింది. పాత ఇనుప సామాన్ల కొట్లో అలాంటి హబ్బు దొరికితే తుడిచి చూడండి. పేరు పక్కన 64 అని అంకె కనిపిస్తే అది 64 గేర్ల హబ్బని తెలుసుకుని వెంటనే డబ్బు కట్టేయండి. అది 1964లో తయారైందని ఎవరైనా అంటే, అసూయపడుతున్నారనుకోండి.

ఆ హబ్బు తెచ్చి తాతగారి నల్ల సైకిల్ రిమ్ముకు బిగించమని మెకానిక్‌ను అడగండి. ఆ రిమ్ముకు వెనక 40 చువ్వల రంధ్రాలుంటాయి. హబ్బుకు ఎన్నున్నాయో ఎంచవద్దు. ఇప్పటి హబ్బుల్లో ఎక్కువగా 36 ఉంటాయి. తేడా నాలుగే, మెకానిక్ సర్దుకుంటాడు. టైరుకూ కొలత చూడొద్దు, ‘28’ అని చెబితే చాలు. నల్ల సైకిల్ రిమ్ము 635 మిల్లీమీటర్లు, కొత్త సిటీ సైకిల్ రిమ్ము 622, రెంటినీ 28 అనే అంటారు. ఆ పదమూడు మిల్లీమీటర్లను బలంతో జయించండి.

పంక్చరైతే హబ్ గేరు చక్రం విప్పడం కష్టమని విదేశాలవాళ్లు భయపెడతారు. మన పంక్చరు షాపులో చక్రం విప్పే ఆచారమే లేదు. టైరు ఒక పక్క లేపి, ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి, తొట్టి నీళ్లలో ముంచి బుడగ ఎక్కడ లేస్తుందో చూస్తాడు. అక్కడ గీకి, సొల్యూషన్ పూసి, ముక్క అతికించి మళ్లీ లోపలికి తోసేస్తాడు. చక్రం ఉన్నచోటే ఉంటుంది. దీన్ని మీరు సహించకూడదు, విప్పితీరాలని పట్టుబట్టండి. అప్పుడే గేరు తీగ ఊడివస్తుంది, ఇరుసుకు అటొకటి ఇటొకటి పెట్టిన పళ్ల వాషర్లూ రాలతాయి. ఇరుసు తనంతట తాను తిరగకుండా పట్టి ఉంచేవి ఆ రెండే. బిగించాక అవి మిగిలిపోతే మెకానిక్ పనిమంతుడని అర్థం. జేబులో వేసుకుని ఇంటికి రండి.

తీగ బిగువును చూసుకోవడం కూడా అనవసరం. ఆ పాత హబ్బుల్లో గేరును రెండులో పెట్టి, కుడివైపు నట్టుకున్న చిన్న రంధ్రంలోంచి చూస్తే లోపలి ఊచ చివర ఇరుసు చివరతో సమంగా కనిపించాలి. అర నిమిషం పని, అందుకే ఎవరూ చేయరు. అది తప్పితే రెండుకూ మూడుకూ నడుమ ఏ గేరూ పట్టని చోటొకటి దొరుకుతుంది. నిలబడి గట్టిగా తొక్కుతుంటే పెడలు ఉత్తినే గిర్రున తిరిగి, మీరు సీటు ముందున్న కడ్డీ మీద కూలబడతారు. తీగ వదులైన సంగతి మీకు తెలియజేసే పద్ధతి అదే.

డబ్బు మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. మిగిలింది తాళానికో లైటుకో ఖర్చుపెట్టవద్దు, ఫోను పెట్టుకునే స్టాండు కొనండి. హబ్ గేరు సైకిల్ మన షాపుల్లో అరుదు, బయటినుంచి తెప్పిస్తే హబ్బు ధరే నల్ల సైకిల్ ధరను మించుతుంది. ప్రకటనలో ‘అందుబాటు ధర’ అన్న మాట పక్కన చుక్క గుర్తేమైనా ఉందేమో చూసుకోండి. తెలుగుదేశం పార్టీ గుర్తు సైకిల్‌లోనూ గేరు కనపడదు. లోపలే ఉందేమోనని నాకు చాలాకాలంగా అనుమానం.

ఇన్ని చెప్పాక కూడా కొందరు నా మాట వినకుండా నేరుగా ముసలి మెకానిక్ దగ్గరికి పోతున్నారు. ఆయన గేరు ఊసే ఎత్తడు. “ఎంత దూరం పోతావు నాయనా, వెనకాల ఎంత బరువు కడతావు?” అని అడిగి, 18 పళ్ల ఫ్రీవీల్ ఊడదీసి 22 పళ్లది వేసి, గొలుసుకు రెండు లింకులు కలిపి పంపేస్తాడు. ఎదురుగాలికి కాళ్లు నొప్పెట్టవు, ఖర్చు కొన్ని వందల్లో తేలిపోతుంది. కొత్త సైకిల్ కొనే పనే తప్పుతుంది. ఆయన షాపు ఎక్కడని నన్ను మాత్రం అడగవద్దు.