గుట్టెక్కుడు దేనికి, పైసలియ్యరాదు?

సిద్దిపేటకు అన్నీ వచ్చాయి. 2016 దసరాకు జిల్లా వచ్చింది. 2023 అక్టోబర్‌లో రైలు వచ్చింది. కోమటి చెరువుకు ఊగే వంతెన వచ్చింది, దాని మీద సెల్ఫీలు వచ్చాయి. హాఫ్ మారథాన్ కూడా వచ్చింది. ఇక రావాల్సింది కొండ పరుగు ఒక్కటే. అదీ ఊరికే ఉరికేది కాదు, పిల్లల సహాయానికి చందాలు పోగుచేసే పరుగు. పెద్ద పెద్ద ఊళ్లన్నీ పెడుతున్నాయి, మనకేం తక్కువని పొద్దున వాకింగ్ బ్యాచ్‌లలో చర్చ నడుస్తోంది. చర్చ నడుస్తున్నంతసేపు మనుషులు నడవడం లేదన్నది వేరే సంగతి.

మొదటి చిక్కు కొండతోనే. మనకున్నవి గుట్టలు, వాటిలోనూ కొన్ని కంకరైపోయాయి. చంద్లాపూర్ గుట్ట మీదికి ఉరుకుదామంటే అది రంగనాయకసాగర్ నీళ్ల మధ్యన, నెత్తి మీద గెస్ట్‌హౌస్‌తో కూర్చుంది. అక్కడికి ఉరికేవాళ్ల కంటే కార్లలో వెళ్లేవాళ్లకే మర్యాద ఎక్కువ. హైదరాబాద్ వాళ్లకు ఈ బాధ లేదు. వాళ్ల మారథాన్‌లో ఫ్లైఓవర్లే కొండలు. మనకు చివరికి దిక్కు మల్లన్నసాగర్ రిజర్వాయర్ కట్ట. చుట్టూ దాదాపు 22 కిలోమీటర్లు. హాఫ్ మారథాన్ అంటే 21.1. ఇంజినీర్లు దీన్ని రన్నర్ల కోసమే కట్టి, 50 టీఎంసీల నీళ్లు అదనంగా పోశారేమోనని నా అనుమానం. ఆ నీళ్లలో మునిగిన వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ ఊళ్ల జనం అక్కడి నుంచి మూటాముల్లె సర్దుకొని ఎప్పుడో కదిలారు. ఆ పరుగుకు టైమింగ్ చిప్పూ లేదు, దారి పొడుగునా చప్పట్లు కొట్టే వాలంటీర్లూ లేరు.

సరే, కట్ట దొరికింది. ఇక అసలు ప్రశ్న. మక్కకంకులు కాల్చే ఓ అవ్వ, ప్రాక్టీసు చేస్తున్న కుర్రాణ్ణి ఆపి అడిగిందట.

"గా అంగి మీద నంబరేంది బిడ్డా?"

"పిల్లల కోసం ఉరుకుతున్న అవ్వా."

"అయ్యో, తప్పిపోయిన్రా?"

"లేదవ్వా. దిక్కులేని పిల్లలకు పైసలు జమజేస్తున్నం."

"జమజేసి ఇయ్యరాదు మరి? నడుమ ఈ ఉరుకుడెందుకు?"

"నేను ఉరికితేనే మావోళ్లు ఇస్తరు."

"నువ్వు ఉరకకుంటే ఆ పిల్లలు ఉపాసముండుడేనా?"

కుర్రాడు వాచీ చూసుకొని, పేస్ పడిపోతోందని చెప్పి పారిపోయాడు. నేనైనా అదే చేసేవాణ్ణి.

అవ్వకు తెలియనిది ఒకటుంది. చదువుకున్నవాడు జేబులో చెయ్యి పెట్టాలంటే ఎదుటివాడికి చెమట పట్టాలి. ఎంత నిటారు గుట్టైతే అంత చందా. వాట్సాప్‌లో "ఒక పాప ఆపరేషన్‌కు సాయం చేయండి" అని పెడితే రెండు చేతులు జోడించిన బొమ్మలు నలభై వస్తాయి, రూపాయి రాదు. అదే "పాప ఆపరేషన్ కోసం మన శ్రీను మోకాలు పోగొట్టుకోబోతున్నాడు" అని పెట్టి చూడండి. శ్రీను మోకాలి మీద మనకు అంత ఆసక్తి.

దీన్ని పూర్తిగా వెక్కిరించడానికీ లేదు. ఫౌజా సింగ్ అనే పంజాబీ పెద్దాయన 2000లో, పాస్‌పోర్టు లెక్కన 89వ ఏట, తొలిసారి లండన్ మారథాన్‌లో ఉరికాడు. ఎవరి కోసం? నెలలు నిండకుండా పుట్టే శిశువుల బాగు చూసే బ్లిస్ అనే సంస్థ కోసం. దాదాపు ఏడు గంటలు పట్టింది. తొంభైకి దగ్గరపడినాయన రోజుల బిడ్డల కోసం రొప్పుతూ వస్తుంటే, ఎంత పిసినారి అయినా పర్సు తీయకుండా ఉండగలడా? ఆ దృశ్యంలో మాయ ఉంది, ఒప్పుకుంటాను. మన దగ్గర ఆ మాయ ముందు ఫ్లెక్సీ దుకాణం గడప తొక్కుతుంది.

గుట్ట, కష్టం, పైసలు అనే మూడింటి ముచ్చట మనకు కొత్తా? కొమురవెల్లి మల్లన్న దగ్గరికి నెత్తిన బోనంతో ఎక్కే ఆడవాళ్లకు ఏ కోచ్ నేర్పాడు? మొక్కులో కష్టం నాది, పైసలు నావి, లెక్క దేవుడిది. చారిటీ పరుగులో కష్టం నాది, పైసలు మీవి, ఫొటో ముఖ్య అతిథిది.

ముఖ్య అతిథి అంటే గుర్తొచ్చింది. దక్షిణాఫ్రికాలో కామ్రేడ్స్ అని ఒక పరుగుంది, 1921 నుంచి జరుగుతోంది. 90 కిలోమీటర్లకు అటూ ఇటూగా కొండదారి. మామూలుగా ఒక ఏడు ఎక్కుడు, మరుసటి ఏడు దిగుడు. గడువు పన్నెండు గంటలు. గడువు కాగానే ఒకాయన గీత దగ్గర వీపు తిప్పి నిలబడి తుపాకి పేలుస్తాడు. ఒక్క అడుగు వెనకున్నా మెడల్ లేదు. ఆ తుపాకి మనకు కావాలి, కాకపోతే ప్రారంభం దగ్గర. అయిదింటికి జెండా ఊపాల్సిన పెద్దమనిషి ఏడైనా రాకపోతే, జుంబా మూడోసారి చేసిన రన్నర్లు గీత దాటకముందే కూలబడతారు. ఆయన వచ్చాక ఆరోగ్యమే మహాభాగ్యమని అరగంట. ఈలోగా ఎండ.

నీళ్ల సంగతీ తేలలేదు. పెళ్లిళ్లకు ప్లాస్టిక్ ప్లేట్లు వద్దని స్టీల్ బ్యాంకులు పెట్టి గిన్నెలు ఇచ్చిన జిల్లా ఇది. అలాంటి చోట కట్ట పొడుగునా ప్లాస్టిక్ సీసాలు పారేయిస్తామా? స్టీలు గ్లాసు అందుకొని, తాగి, కడిగి, తిరిగిచ్చి ఉరకాలని పరుగు కమిటీలో ఒకరన్నారు. ప్రపంచ రికార్డులు రాకపోయినా గ్లాసులు లెక్కకొస్తాయి.

లెక్క అన్నాను కాబట్టి, ఖర్చుల పట్టీ. టీ షర్టు, మెడల్, బిబ్, చిప్, డీజే, డ్రోన్, శాలువాలు, శాలువాలు కప్పేవాళ్లకు శాలువాలు, ఉప్మా. మెడల్ బరువు తగ్గిద్దామంటే రన్నర్లు ఒప్పుకోరు, శాలువాల సంఖ్య తగ్గిద్దామంటే వేదిక ఒప్పుకోదు. ఉప్మాలో జీడిపప్పు తగ్గించారు. మిగిలింది పిల్లలకు. ఆ రోజు పిల్లలకూ పాత్ర లేకపోలేదు: స్వాగత నృత్యం, బొకే అందజేత, ఎండలో నిలబడుట.

పోనీ కొండల విషయంలోనైనా వాళ్లను అడిగి తెలుసుకోవచ్చు. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ, గురుకులంలో చదువుతూ, భువనగిరి గుట్ట మీద రాళ్లెక్కడం నేర్చుకొని, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. ఆమె పైకి చేరింది పెద్దలెవరో ఆమె కోసం కట్ట మీద ఉరికినందుకు కాదు. బడీ, తిండీ, నేర్పేవాళ్లూ సర్కారు గురుకులంలో దొరికినందుకు.

ఇక పైసలు ఎక్కడికి పోవాలన్నది. వెతకాల్సిన పనిలేదు, రాజీవ్ రహదారి మీద కాస్త ముందుకు పోతే కొండపాక. అక్కడి సత్యసాయి సంజీవని ఆసుపత్రిలో పుట్టుకతో గుండె జబ్బున్న పిల్లలకు ఉచితంగా ఆపరేషన్లు చేస్తారు. వెయ్యి మంది పుడితే ఎనిమిది, తొమ్మిది మందికి ఈ లోపం ఉంటుందని వైద్యులు చెప్పే లెక్క. అక్కడ బిల్లు కౌంటరే ఉండదు. మన కమిటీవాళ్లు చూస్తే కంగారుపడతారు, ఫ్లెక్సీ ఎక్కడ కట్టాలని.

కాబట్టి అవ్వ మాటను గౌరవించి, నేనొక పరుగు ప్రకటిస్తున్నాను. పేరు "సిద్దిపేట ఉరకని పరుగు". పోటీదారులు ఆదివారం పొద్దున ఎనిమిది వరకు ఇంట్లో పడుకోవాలి. ఎంట్రీ ఫీజు మీకు నచ్చినంత, నేరుగా ఆసుపత్రి ఖాతాకు. మధ్యలో నేనూ లేను, కమిటీ లేదు. జెండా లేదు, చిప్ లేదు, టీ షర్టు లేదు. మోకాళ్లు పదిలం. ముఖ్య అతిథులు రాకపోవడానికి ముందే రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. శాలువా ఎవరిది వారు ఇంట్లో కప్పుకోవచ్చు.

వాకింగ్ బ్యాచ్ గ్రూపులో పెట్టాను. చందాల సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు. ఇప్పటిదాకా వచ్చిన ప్రశ్న ఒక్కటే:

"ఫినిషర్ మెడల్ ఇంటికి పంపిస్తరా అన్నా, మేమే వచ్చి తీసుకోవాల్నా?"