పడ్డాయా పిన్నీ?

కార్తీక పౌర్ణమి నాడు బాపట్ల నుంచి సూర్యలంకకు కార్లో వెళ్ళేవాడికంటే ఆ 9 కిలోమీటర్లు నడిచేవాడే ముందు చేరతాడు. అందరూ మునగడానికే వస్తారు. జేబుకో ఫోను కాబట్టి అందరికంటే ముందు మునిగేది సెల్ టవరు.

స్నానం కాగానే మా రేపల్లె బావ బజ్జీల బండి దగ్గర 60 రూపాయలు ఫోన్లో కొట్టాడు. తెర మీద చక్రం తిరుగుతోంది. బండి మీది సౌండ్ బాక్సు మౌనవ్రతం పట్టింది.

"పడ్డాయా పిన్నీ?"

"పడలా బాబూ. ఆగు, మళ్ళీ కొట్టమాక."

బ్యాకెండ్ ఇంజనీర్లకు ఎంత నూరిపోసినా తలకెక్కని పాఠమిది. పడ్డాయి, పడలేదు కాక 'తెలియదు' అనే మూడో స్థితి ఒకటుంది. టైమౌట్ అంటే జవాబు రాలేదనే గానీ, పని కాలేదని కాదు. డబ్బు ఖాతా దాటిపోయి, కబురు మాత్రం దారి తప్పి ఉండొచ్చు. మళ్ళీ పంపక తప్పదంటే పాత లావాదేవీ నంబరుతోనే పంపాలి. అప్పుడు అవతలి సర్వరు 'ఇది ఇందాకటిదే' అని గుర్తుపట్టి, రెండోసారి డబ్బు కొయ్యదు. దీన్ని మావాళ్ళు ఐడెంపొటెన్సీ అంటారు. తడబడకుండా ఆ మాట పలికితే సగం ఇంటర్వ్యూ గట్టెక్కినట్టే.

బావకు అంత ఓపికేదీ? ఇంకో యాప్ తీసి మళ్ళీ కొట్టాడు. ఈసారి బాక్సు నోరు విప్పింది. ఇక మొదటి 60 ఏమయ్యాయో తెలుసుకోవాలని స్టేటస్ నొక్కుతూ ఇసకలో చతికిలబడ్డాడు.

బావననేం లాభం, బ్యాంకులదీ అదే వరస. 2025 ఏప్రిల్ 12న దేశమంతటా యూపీఐ గంటల తరబడి కుంటింది. దాన్ని నడిపే ఎన్‌పీసీఐ ఆరా తీస్తే, 'ఆ లావాదేవీ ఏమైంది?' అంటూ కొన్ని బ్యాంకులు ఊపిరాడనివ్వకుండా అడిగాయని తేలింది. ఎప్పటివో పాతవాటి గురించి కూడా! జవాబు ఆలస్యమైతే ప్రశ్నలు పెరుగుతాయి, ప్రశ్నలు పెరిగితే జవాబు ఇంకా ఆలస్యమవుతుంది. అందుకే 90 సెకన్లు ఆగాకే అడగాలనీ, మూడుసార్లకు మించి అడగొద్దనీ కట్టడి చేశారు. ఆగడంలోనూ కిటుకుంది. అందరూ సరిగ్గా అంతే ఆగితే మళ్ళీ అందరూ ఒక్కసారే మీద పడతారు. తలా కాస్త తేడాగా ఆగాలి. ఆ ఏడాది ఆగస్టు నుంచి బ్యాలెన్సు చూసుకోవడానికీ యాప్‌కు రోజుకు 50 సార్లే అన్నారు. అన్నిసార్లు చూసుకునేవాడి ఖాతాలో చూడ్డానికేముంటుందో!

బావను ఊరడిద్దామని రిజర్వు బ్యాంకు 2019లో పెట్టిన నిబంధన చెప్పాను: మన ఖాతాలో కోతపడి కూడా దుకాణానికి ఖరారు అందకపోతే, ఆ తర్వాత 5 రోజుల్లోగా డబ్బు వెనక్కి వెయ్యాలి. దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం.

స్టేటస్ నొక్కడం ఠక్కున ఆపేశాడు. లేచి, సముద్రం వైపు తిరిగి, ఆ 60 మాత్రం గడువులోగా రాకుండా చూడు తల్లీ అని దణ్ణం పెట్టుకున్నాడు.